మూడూ నలభై ఒకటికి ఆగిపోయే ఆట

లాప్‌టాప్ పాడైందని ఊరంతా టముకు వేసింది నేనే. నోరు మూసుకుని ఉంటే అన్నయ్య వచ్చేవాడు కాదు, ఆ ఫోల్డర్ తెరిచేవాడూ కాదు. ఏం చేస్తాం, నా నోరు చిన్నప్పటి నుంచీ అంతే. చెప్పకూడనిది చెప్తుంది, చెప్పాల్సింది మింగేస్తుంది.

మాది రెండో అంతస్తులో రెండు గదులు, వంటిల్లు. ముందు గదిలో కిటికీ పక్కన నా టేబులు. నా కుర్చీ వెనక లోపలి గది తలుపు, ఆ తలుపుకి ఎదురుగా అమ్మమ్మ మంచం. అమ్మ కుట్టు మిషన్ల వర్క్‌షాపులో పనిచేస్తుంది, పొద్దున తొమ్మిదికి వెళ్తే ఇల్లు చేరేసరికి ఐదున్నర. నాది ఇంట్లోంచే ఉద్యోగం, సాయంత్రం ఆరు నుంచి ఎవరెవరో కస్టమర్లు చాట్‌లో తిడుతుంటే సారీ చెప్పడం. మధ్యాహ్నాలు నావి. అందుకే మంచం పట్టిన అమ్మమ్మని చూసుకునే బాధ్యత నా మీద పడింది. పడింది అంటున్నాను చూడండి, ఇప్పటికీ నా మాట అలాగే వస్తుంది.

పక్షవాతం వచ్చాక అమ్మమ్మకి ఎడమ వైపు పోయింది, గొంతు కూడా సన్నబడింది. కానీ కుడి చెయ్యి గట్టిది. ఆ చేతిలో ఎప్పుడూ ఒక స్పూను ఉండేది, పక్కన స్టీలు గ్లాసు. రెండుసార్లు కొడితే నీళ్లు. మూడుసార్లు కొడితే బాత్రూం. ఆపకుండా కొడితే ఊసుపోవట్లేదు, వచ్చి కూర్చోమని. ఆ స్పూను కాడ కొంచెం వంకర, అందుకని ప్రతి దెబ్బకీ "టింగ్" అన్నాక సన్నగా ఒక జుమ్మనే చప్పుడు వచ్చేది.

"ఇవాళ ఆ పెట్టెలో ఎవరిని చంపుతున్నావే?" అనేది నేను వెళ్లగానే.

"నన్నే చంపుతున్నారు అమ్మమ్మా."

"అయితే నేర్చుకో తల్లీ, వెళ్లి ఆడుకో," అని నవ్వేది. నిజంగానే అనేది ఆ మాట. నా ఆట మీద ఆవిడకి ఏనాడూ కోపం లేదు. ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

అమ్మమ్మ ఒక మధ్యాహ్నం పోయింది. నేను అందరికీ చెప్పింది ఇది: అమ్మమ్మ నీళ్లడిగింది, నేను పక్కన కూర్చుని గ్లాసుతో పట్టాను, రెండు గుక్కలు తాగి, నా చెయ్యి పట్టుకుని, అలాగే నిద్రలోకి జారుకుంది. మావయ్య నా తల మీద చెయ్యి వేసి బావురుమన్నాడు. "నా తల్లికి కొడుకునై ఉండీ నేను చెయ్యలేనిది నువ్వు చేశావమ్మా," అన్నాడు. పక్కింటావిడ వాళ్లమ్మాయికి నన్ను చూపించి "చూసి నేర్చుకో" అంది. నేను తల వంచుకుని నిలబడ్డాను. వాళ్లకది వినయంలా కనిపించింది.

అమ్మ మాత్రం నా వైపు చూసి, చూపు తిప్పుకుంది. దుఃఖంలో ఉందిలే అనుకున్నాను.

పది రోజులు ఆట ముట్టుకోలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని కూర్చున్నాను. తెర మీద ఎండ పడకుండా పరదా వేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకున్నాను. మాది ఐదుగురి జట్టు, ఒక్కో మ్యాచు అరగంట. సగంలో ఎవరు లేచిపోయినా ర్యాంకు పడిపోతుంది, మిగతా నలుగురూ వాళ్ల వంశాన్నంతా తిడతారు.

మ్యాచు మంచి పట్టులో ఉండగా తెర నల్లబడింది. చెవుల్లో శబ్దం మాత్రం ఒకే ముక్క దగ్గర ఇరుక్కుని గరగరలాడింది. పది సెకన్లకి తెర తిరిగొచ్చింది. మూలన చిన్న అక్షరాలు: డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి మళ్లీ మొదలైంది. ఆట పోయింది.

ఇలాంటివి మామూలే. బొమ్మ గీసే కార్డుకీ మిగతా కంప్యూటర్‌కీ మధ్య మాటలు మోసే ప్రోగ్రామే డ్రైవర్. అది అలిగితే తెర పోతుంది. మర్నాడు కొత్త డ్రైవర్ వేశాను. పోయింది. పాతదానికి వెళ్లాను. పోయింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి మొత్తం ఊడబెరికి మళ్లీ శుభ్రంగా వేశాను, రాత్రికి రాత్రి విండోస్ తనంతట తాను ఇంకో డ్రైవర్ తెచ్చి నెత్తిన పెట్టింది. దాన్ని ఆపాను. అడుగు మూత విప్పి ఫ్యాన్లో దుమ్ము ఊదాను, పరుపులోంచి ఊడిన దూదంత వచ్చింది. గ్రాఫిక్స్ అన్నీ అట్టడుగుకి దించితే ఆట కార్టూను బొమ్మల్లా తయారైంది. అయినా పోయింది. రోజూ ఒకసారి, ఒకే ఒక్కసారి. మళ్లీ మొదలుపెడితే సాయంత్రం దాకా ఏ గొడవా లేదు. జట్టులో నా ర్యాంకు మట్టి కరిచింది. కనబడ్డ ప్రతివాడికీ లాప్‌టాప్ పాడైందని చెప్పుకుని ఏడ్చింది అప్పుడే.

రెండు వారాలయ్యాక డిస్కులో చోటు నిండిందని హెచ్చరిక వచ్చింది. ఏం తింటోందా అని వెతికితే వీడియోల ఫోల్డర్ దొరికింది.

ఇక్కడొకటి చెప్పాలి. గ్రాఫిక్స్ కార్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్లో ఒక సదుపాయం ఉంటుంది. మనం ఆడుతున్నంతసేపూ అది వెనకాల రికార్డు చేస్తూనే ఉంటుంది. గొప్పగా ఆడామనిపిస్తే ఒక బటన్ నొక్కడమే, గడిచిన కాసేపటి ఆట వీడియోగా దాచిపెడుతుంది. మైకులో పడిన మన మాటలతో సహా. నలుగురికీ చూపించి గొప్పలు పోవడానికి.

ఫోల్డర్లో పద్నాలుగు క్లిప్పులున్నాయి. ఒక్కటీ నేను దాచింది కాదు. తెర పోయిన ప్రతి రోజుకీ ఒకటి. అన్నీ పదకొండు నిమిషాలే.

ఒకటి నొక్కాను. బొమ్మ లేదు, నలుపు. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత...

టింగ్. టింగ్.

ఆ వెనకే సన్నగా జుమ్మని.

నేను హెడ్‌సెట్ పీకి టేబులు మీద విసిరేశాను. ఎందుకంటే ఆ క్లిప్ నాకు తెలుసు. దాన్ని నేను అమ్మమ్మ పోయిన రోజే తుడిచేశాను. చెత్తబుట్టలోంచి కూడా ఖాళీ చేశాను.

ఇక దాచి ఏం లాభం, చెప్పేస్తాను. ఆ రోజు మూడూ నలభై ఒకటికి అమ్మమ్మ రెండుసార్లు కొట్టింది. మ్యాచు చివరి ఘట్టంలో ఉంది. "వస్తున్నా అమ్మమ్మా, ఒక్క నిమిషం!" అని అరిచాను. మళ్లీ కొట్టింది. మళ్లీ. మంచినీళ్ల కూజా కిటికీ గట్టు మీద ఉంది, ఆవిడ చేతికి అందదు. అంతకుముందు వారం ఒకసారి ఒలికి పరుపు తడిసిందని విసుక్కుని, అక్కడికి జరిపింది నేనే. జట్టులో ఒకడు మైకులో అడిగాడు, "ఎవరో గ్లాసు మోగిస్తున్నారు, ఏంటది?" అని.

నేను నవ్వాను. "మా ఇంటి అలారంలే," అన్నాను. "కాసేపటికి అదే ఆగుతుంది."

నలుగురూ నవ్వారు.

కాసేపటికి అదే ఆగింది. మేం గెలిచాం. అలవాటు కొద్దీ వేలు బటన్ మీదకి వెళ్లింది, పదకొండు నిమిషాల క్లిప్ దాచుకున్నాను. అప్పుడు హెడ్‌సెట్ తీశాను.

అమ్మమ్మ సగం మంచం మీద, సగం కింద ఉంది. కుడి చెయ్యి కిటికీ వైపు చాచి ఉంది. నేను ఎత్తి పడుకోబెట్టాను. జుట్టు దువ్వాను. కుళాయి దగ్గర గుడ్డ తడిపి పెదాలు తుడిచాను, తాగినట్టు కనిపించాలని. ఆ చెయ్యి చూడలేక దుప్పటి మెడదాకా కప్పేశాను. ఇవన్నీ అయ్యాకే అమ్మకి ఫోను చేశాను. నేనలాంటి మనిషిని.

అయినా ఆట మానలేదా అని మీరడగచ్చు. మానలేదు. మానితే ఎందుకు మానావని అడుగుతారని భయం. సిగ్గుపడేవాళ్లు ఎంత తెలివితక్కువ పనులు చేస్తారో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఆదివారం భోజనాలయ్యాక అన్నయ్య దిగాడు. వాడు ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాడు, రెండు వీధుల అవతల కాపురం. వద్దురా అంటే వింటాడా. నా కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందు కార్డుని అరగంట సేపు పరుగెత్తించి చూశాడు.

"వేడెక్కట్లేదు. మెమరీ రాయిలా ఉంది. తెర ఇలా పోకూడదే," అని గొణుక్కున్నాడు. తర్వాత సిస్టం లాగ్ తెరిచాడు. ఎప్పుడు ఏం కూలిందో కంప్యూటర్ రాసుకునే చిట్టా అది. వేలితో కిందకి జరుపుతూ జరుపుతూ ఆగిపోయాడు.

"ఏమే, రోజూ ఒకే టైముకి పోతోంది తెలుసా? మూడూ నలభై ఒకటి. నిమిషం అటూ ఇటూ లేదు."

వెనక గదిలో అమ్మ అమ్మమ్మ చీరలు మడతపెడుతోంది. ఆ చప్పుడు ఆగింది.

"ఆ టైముకి వెనకాల ఏదో లేస్తోంది. ఇదిగో, ఈ రికార్డింగే. ఇన్ని నల్ల వీడియోలేంటే బాబూ?" అని వాడు ఒకదాని మీద నొక్కబోయాడు.

నేను మూత దభాలున మూసేశాను. వాడి వేళ్లు నలిగాయి.

"ముట్టుకోకు! అవి నా సొంతం!"

వాడు వేళ్లు ఊదుకుంటూ నన్ను ఎగాదిగా చూసి, ఇకిలించాడు. "ఓహో. ఎవరమ్మా ఆ మహానుభావుడు? సరేలే, నేను చూడనులే." కథ వాడే అల్లుకున్నాడు, నేను కాదనలేదు. ఇంకో అబద్ధం, అంతే. పాతవాటి పక్కన కూర్చుంది.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి, నిలకడైన పాత డ్రైవర్ వేసి లేచాడు. "ఇక చచ్చినా తెర పోదు," అన్నాడు. చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించి, "నువ్వు అమ్మమ్మకి చేసినదానికి నీకేం చేసినా తక్కువేనే," అని నా బుగ్గ మీద తట్టి వెళ్లాడు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

సోమవారం. అమ్మ పనికి వెళ్లింది. బయట మబ్బు పట్టి గదిలో చీకటి ముసురుకుంది. పరదా వెయ్యాల్సిన అవసరం కూడా లేకపోయింది. నేను ఆట పెట్టాను. ఆడాలని కాదు, తెర పోదని తెలుసుకోవాలని.

మూడూ ముప్పై ఐదు. బాగానే ఉంది.

మూడూ నలభై. గదిలో నొప్పుల మందు వాసన. అమ్మమ్మ మోకాళ్లకి రాసే మందు. దాని డబ్బా నేనే పారేశాను.

మూడూ నలభై ఒకటి.

తెర నల్లబడింది.

ఈసారి గరగర లేదు. చెవుల్లో పూర్తి నిశ్శబ్దం. పది సెకన్లు లెక్కపెట్టాను. ఇరవై. తెర రాలేదు. నల్లటి అద్దంలో నా మొహం, నా వెనక తలుపు, తలుపు అవతల మంచం.

టింగ్. టింగ్.

హెడ్‌సెట్ తీశాను. ఏమీ లేదు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. మళ్లీ పెట్టుకున్నాను... టింగ్. టింగ్. తీశాను. లేదు. పెట్టుకున్నాను. ఉంది. దగ్గరగా ఉంది. మంచం దగ్గర కాదు... తలుపు దగ్గర.

అద్దంలో చూశాను. మంచం మీద దుప్పటి లేదు. నేల మీద ఉంది. దుప్పటి నేల మీద ఎందుకుంది... అది కదిలింది. చాలా నెమ్మదిగా. ఒక వైపు పడిపోయిన మనిషి ఒక్క చేత్తో ఈడ్చుకుంటూ వస్తే ఎంత నెమ్మదిగా వస్తుందో, అంత నెమ్మదిగా.

నేను వెనక్కి తిరగలేదు. మెడ తిరగలేదు.

టింగ్. టింగ్. ఈసారి కుర్చీ కాలి దగ్గర.

హెడ్‌సెట్ లాగి పడేశాను. చప్పుడు ఆగలేదు. టింగ్. టింగ్. జుమ్మని ఆ సన్నటి మోత నా పాదాల్లోకి ఎక్కింది. కింద నుంచి, దాహంతో ఎండిపోయిన గొంతు, నెమ్మదిగా, ఏ కోపమూ లేకుండా...

"ఆట... అయిపోయిందా తల్లీ?"

నేనెలా లేచానో, మెట్లు ఎలా దిగానో తెలియదు. ఐదున్నరకి అమ్మ వచ్చేసరికి చెప్పుల్లేకుండా వీధి గేటు దగ్గరి మెట్టు మీద కూర్చుని ఉన్నాను. వాన మొదలై తడిసి ముద్దయ్యాను. అమ్మ గొడుగు నా మీదకి వంచింది.

"అమ్మా, అమ్మమ్మకి నేను నీళ్లివ్వలేదు," అన్నాను. అలా మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. కూజా సంగతి. ఒక్క నిమిషం అన్న సంగతి. నేను నవ్విన సంగతి. ఆ మాట మాత్రం అమ్మకి వినపడక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అమ్మ తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అమ్మ అక్కడే, మెట్టు మీద నా పక్కన కూర్చుంది.

"నాకు తెలుసు," అంది.

"ఎలా?"

"దుప్పటి తీసినప్పుడు ఆవిడ గుప్పిట్లో స్పూనుంది. బిగుసుకుపోయింది. ఒక్కో వేలూ విడదీసి నేనే తీశాను." కాసేపు వాన చూసింది. "నిద్రలో పోయిన మనిషి చేతిలో స్పూనెందుకుంటుందే?"

నేను తడిసిన చున్నీ కొస పిండుతూ కూర్చున్నాను.

"ఇవాళ చెప్తావు, రేపు చెప్తావు అని చూశాను. అందరూ నిన్ను పొగుడుతుంటే నువ్వు తల వంచుకుని నిలబడేదానివి. ఆ తల చూసే ఊరుకున్నాను." చేతి సంచిలోంచి ఒక పొట్లం తీసింది. పాత రుమాల్లో చుట్టిన వంకర కాడ స్పూను. రోజూ పనికి కూడా వెంట తీసుకెళ్తోందని అప్పుడే తెలిసింది. నా ఒళ్లో పెట్టింది. "ఇక నువ్వే దాచుకో. నాకు బరువుగా ఉంది."

అంతే అంది. ఆ తర్వాత ఈ రోజు వరకూ ఆ ఊసెత్తలేదు. మావయ్యకీ అన్నయ్యకీ నేనే ఫోన్ చేసి చెప్పాను. మావయ్య విన్న వెంటనే ఫోన్ పెట్టేశాడు, ఇప్పటికీ నాతో మాట్లాడడు. అన్నయ్య మాట్లాడతాడు, బుగ్గ మీద మాత్రం తట్టడు.

ఆట తీసేశాను. ఫోల్డర్ కూడా అన్నయ్య చేతే తుడిపించేశాను, ఏమీ వినకుండానే తుడిచాడు. లాప్‌టాప్ మీద ఉద్యోగం ఒక్కటే చేస్తాను. స్పూను టేబులు సొరుగులో, రుమాల్లోనే ఉంది. రోజూ మధ్యాహ్నం ఒక గ్లాసు నీళ్లు ఆ మంచం పక్కన, చేతికందేలా పెడతాను. సాయంత్రం వచ్చాక అమ్మ చూస్తుంది, అంతే. ఎనిమిది నెలలు తెర ఒక్కసారి కూడా పోలేదు. ఆవిడ నన్ను వదిలేసిందనుకున్నాను. క్షమించిందని అనడానికి మాత్రం ఇప్పటికీ నోరు రాదు.

నిన్న మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చిన మెయిలుకి జవాబు టైపు చేస్తుంటే తెర నల్లబడింది. పది సెకన్లు. తిరిగొచ్చింది. మూలన అవే చిన్న అక్షరాలు. టైము చూడలేదు, చూడక్కర్లేదు.

వీడియోల ఫోల్డర్ మళ్లీ ఉంది. అందులో ఒక్కటే క్లిప్. పదకొండు నిమిషాలు.

పారిపోవడం ఇక చాలనిపించింది. హెడ్‌సెట్ పెట్టుకుని నొక్కాను.

నలుపు. టింగ్. టింగ్. అదే జుమ్మనే చప్పుడు. కానీ దెబ్బలో పస లేదు, అమ్మమ్మ కొట్టినట్టు లేదు. చేత్తో సొరుగు లాగి చూశాను, స్పూను రుమాల్లోనే ఉంది. చెవుల్లో మళ్లీ టింగ్. టింగ్. ఎవరో ఊపిరి అందక ఆయాసపడుతున్నారు. తర్వాత గొంతు వినిపించింది. "అమ్మమ్మా... కాసిని నీళ్లు..."

ఆ గొంతు నాదే. కానీ వణుకుతోంది. పళ్లు లేని నోరు మాట్లాడినట్టుంది. ఇంకా యాభై ఏళ్లు గడిస్తే తప్ప నాకు రాని గొంతు.

దూరంగా, పక్క గదిలోంచి, అమ్మమ్మ పలికింది. ఎంతో ప్రేమగా పలికింది.

"వస్తున్నా తల్లీ... ఒక్క నిమిషం."

క్లిప్ చివరిదాకా విన్నాను. కొట్టడం నెమ్మదించింది, తర్వాత ఆగింది. నీళ్లు పోసిన చప్పుడు మాత్రం వినపడలేదు.